తెర పోతే ఆగినట్టే

‘మా వంతు’ సీరియల్ – తొమ్మిదో భాగం

పోయినవారం గాయత్రిని హనుమంతునిపాడు దాటిన తర్వాత గతుకుల రోడ్డు మీద, ఆటోలో, దుమ్ము తింటూ ఉండగా వదిలిపెట్టాం. పాపం, వారమంతా అందులోనే కూర్చుంది. ఆమె దిగేలోపు, ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవారికి జరిగింది చెప్పేస్తాను.

మార్కాపురంలో మోటార్లూ స్టార్టర్లూ అమ్మే శేషాద్రి శెట్టి కూతురు గాయత్రి. హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, నచ్చక తిరిగొచ్చి, తండ్రి అమ్మే స్టార్టర్లకు తోడుగా ‘మా వంతు’ అని ఒక ఫోను యాప్ తయారుచేసింది. అన్నదమ్ములు కలిసి వేయించుకున్న బోరు మీద ఈ పూట ఎవరి వంతో అది చూపిస్తుంది. పచ్చ బటన్ నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. మన పడమటి పల్లెల్లో నీళ్ళ దగ్గర ఎంతెంత తగాదాలు జరుగుతాయో తెలిసినవారికి అది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

ఎర్రచేలపల్లెలో ఓబులేసుకూ, చనిపోయిన అతని అన్న కొడుకు మహేష్‌కూ కలిపి ఒకటే బోరు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. వంతు అయిపోయినవాడు మోటారు ఆపి ‘ఆపినా!’ అని కేక వేస్తాడు. తర్వాతివాడు ‘విన్నా!’ అని బదులిచ్చి, అప్పుడు స్టార్టరు డబ్బా మీద చెయ్యి వేస్తాడు. ఫోన్లు వచ్చినా ఆ కేక పోలేదు. కేక విన్నాక కూడా ఫోను తీసి సరిచూసుకుంటే ఎదుటివాడి మాట నమ్మనట్టే లెక్క. ఆ ఊళ్ళో అంతకు మించిన అవమానం లేదు.

ఆ రోజు ఓబులేసు ఆపినా అన్నాడు. మహేష్ విన్నా అన్నాడు. డబ్బాలో మోటారు వైపు పోయే తీగ వదులైందని మూత తీసి బిగించబోయాడు. మోటారు ఆగలేదు. ఆరువందల అడుగుల లోతున తిరిగే మోటారు చప్పుడు పైకి వినపడదు, డబ్బా మీది దీపం ఎప్పుడో మాడిపోయింది. కరెంటు కొట్టి పడిపోయాడు.

మహేష్ ఇప్పుడు ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కుతుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. ఆ ప్రమాదానికి కొద్దిరోజుల ముందే టీ బంకు దగ్గర నలుగురిలో, ‘కొడుకులు లేనోడికి ఎకరా మిరప ఎందుకు చిన్నాయనా, నీ వంతు నాకు వదిలెయ్యరాదా’ అని నవ్వుతూ అన్నాడు మహేష్. అన్నవాడు మరిచిపోయాడు. విన్న ఊరు మరిచిపోలేదు. ఓబులేసు కావాలనే ఆపకుండా ఆపినా అన్నాడనీ, హత్యాయత్నం కేసు పెట్టాల్సిందేననీ మహేష్ బావమరిది వెంకటేష్ కురిచేడు నుంచి వచ్చి కూర్చున్నాడు. అతను ఫోను చేసి అడిగితే గాయత్రే చెప్పింది, ‘ఆ పూట ఓబులేసు ఫోను నుంచి ఆపమన్న మాట మాకు రాలేదు’ అని. ఉన్నమాటే చెప్పింది. ఆ ఉన్నమాటే ఇప్పుడు అరవయ్యేళ్ళ రైతు మెడకు చుట్టుకుంది. దాన్నే ఊరి పెద్దల ముందు మరొక్కసారి చెప్పి పొమ్మని పిలిపించారు.

ఆటో ఆగింది. ఇక దిగవచ్చు.

* * *

పాలకేంద్రం ముందు సిమెంటు అరుగు మీద ఊరు ఊరంతా ఉంది. పొద్దుటి పాలు పోసి, ఖాళీ క్యాన్లు పక్కన పెట్టుకుని, ఇళ్ళకు పోవాల్సిన ఆడవాళ్ళు కూడా పోలేదు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో గురుస్వామి కూర్చున్నాడు. ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు ఏ పదవీ లేదు, అందుకే ఆయన మాటకు విలువ పెరిగింది.

ఒక స్తంభానికి ఆనుకుని ఓబులేసు నేల మీద కూర్చుని ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని దాని కొస నలుపుతున్నాడు. అతని భార్య రత్నమ్మ వెనక నిలబడి ఉంది. అరుగు ఆ చివర మహేష్ తల్లి యల్లమ్మ, ఆమె పక్కన వెంకటేష్. వదినా మరుదుల మధ్య పాతిక మంది కూర్చున్నా, ఆ ఇద్దరి మధ్య చోటు ఖాళీగా ఉన్నట్టే అనిపించింది గాయత్రికి.

“రా పాపా, కుర్చీలో కూచో,” అన్నాడు గురుస్వామి. “మార్కాపురం నుంచి ఎండలో వచ్చినావు. నీళ్ళు తాగు ముందు.”

“నీళ్ళూ మజ్జిగా తర్వాత పెద్దాయనా,” వెంకటేష్ అందుకున్నాడు. “ఆమె చెప్పాల్సింది ఒక్క మాట. చెప్తే మేం స్టేషనుకు పోతాం. మా బావ అక్కడ చెయ్యి పోగొట్టుకొని పడుంటే ఇక్కడ మర్యాదలేంది?”

గాయత్రి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మోటారు నడపమన్న మాట వచ్చింది, నడిచింది. ఆపమన్న మాట రాలేదు. కరెంటు పోయేదాకా మోటారు నడుస్తూనే ఉంది. చెబుతున్నంతసేపూ ఓబులేసు వైపు చూడకుండా ఉండటానికి నానా తిప్పలూ పడింది.

“విన్నారుగా?” అన్నాడు వెంకటేష్.

“ఏంది వినేది?” రత్నమ్మ గొంతు చించుకుంది. “ఆయన నొక్కినా అంటాడు. ఆ యమ్మ రాలేదంటాది. యంత్రం మాట నిజమైపోయి మనిషి మాట అబద్ధమైపోయిందా? నలభై ఏండ్లుగా ఈయన ఆపినా అంటే ఎప్పుడన్నా ఆగకుండా ఉన్నిందా, అడగండి ఎవురినైనా!”

“రత్నమ్మా, నువ్వు ఉండు,” అన్నాడు గురుస్వామి. “ఓబులేసూ, నువ్వు చెప్పు. నొక్కినావా?”

“నొక్కినా మామా.”

“ఆగిందని ఎట్ల తెలిసింది?”

“తెర పోయింది.”

“కాలవలో నీళ్ళు పడతానే ఉన్నాయా, చూసుకోలేదా?”

ఓబులేసు నోరు తెరిచేలోపే రత్నమ్మ మళ్ళీ అందుకుంది. “మోటారు ఆపినాక కూడా పైపులో నీళ్ళు కాసేపు కారతాయి గదా మామా. నువ్వు మాత్రం సేద్యం చెయ్యలేదా?” అది నిజమేనన్నట్టు నలుగురూ తలలూపారు. గురుస్వామి కూడా ఊపాడు.

గాయత్రికి అప్పటిదాకా ఒకటే అభిప్రాయం. ముసలాయన నొక్కాననుకుని నొక్కలేదు, లేదా నొక్కకుండానే అన్నాడు. రెండోది నమ్మాలనిపించలేదు కాబట్టి మొదటిది నమ్ముతూ వచ్చింది. తన యాప్ తప్పు చెయ్యగలదన్న ఊహ మాత్రం ఆమె దరిదాపులకు రాలేదు. చదువుకున్నవాళ్ళకు తాము చేసిన వస్తువు మీద ఉండే నమ్మకం చేసిన చేతి మీద కూడా ఉండదు, అదొక జబ్బు.

“ఓబులేసు మామా, ఆ రోజు ఎట్ల నొక్కినావో ఒక్కసారి చూపించు,” అంది.

“నాటకాలాడిస్తావా ఇప్పుడు?” అన్నాడు వెంకటేష్.

“చూపించనియ్యి నాయనా,” అన్నాడు గురుస్వామి. “స్టార్టరుకు ఫ్యూజులు పీకేసి ఉండాయి. నొక్కినా ఏం కాదు.”

ఓబులేసు జేబులోంచి ఫోను తీశాడు. అద్దం ఒక మూల పగిలి, దాని మీద ప్లాస్టరు అతికించి ఉంది. యాప్ తెరిచాడు. తర్వాత చేసిన పని చూస్తే మామూలుగా ఎవరికైనా నవ్వొచ్చేది. లేచి నిలబడి, పార పట్టుకున్నట్టు కుడిచెయ్యి గాలిలో పక్కకు పెట్టాడు. ఎడమ అరచేతిలో ఫోను ఆనించుకుని, తెర వైపు చూడకుండా, దూరంగా మహేష్ నిలబడి ఉండే గట్టు అక్కడే ఉన్నట్టు చూస్తూ, ఎడమ బొటనవేలితో కింద అంచున నొక్కాడు.

తెర పోయింది. యాప్ మూసుకుపోయి, ఫోను మీద అంకాలమ్మ తల్లి బొమ్మ కనపడింది.

“ఇదో. పోయింది,” అన్నాడు ఓబులేసు. “తెర పోతే ఆగినట్టే గదా పాపా? నువ్వే చెప్పినావు.”

“అవును, ఆ పాపే చెప్పింది. మాక్కూడా అట్లనే నేర్పింది,” అన్నారు వెనక నుంచి ఇద్దరు ముగ్గురు.

గాయత్రి నేర్పిన మాట నిజం. రెండేళ్ళ క్రితం ఇదే అరుగు మీద నేర్పింది. ఎండలో తెర మీద ‘మోటారు ఆగినది’ అన్న అక్షరాలు కనపడటం లేదని ముసలివాళ్ళు మొరపెట్టుకుంటే, ‘ఆగినాక తెర దానంతట అదే పోయేట్టు చెయ్యి పాపా, మాకు తెలుస్తాది’ అని సలహా ఇచ్చింది ఈ ఓబులేసే. ఆమెకు ఆ ఉపాయం ఎంత నచ్చిందంటే, హైదరాబాదులో ఒక సభలో దాని గురించి పొంగిపోతూ మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంది. ఒక చేత పార ఉంటుంది కాబట్టి, ఇంకో చేతి బొటనవేలికి అందాలని ఎర్ర బటన్‌ను తెరకు అట్టడుగున పెట్టింది కూడా ఆమే. ‘చూడనక్కర్లేదు మామా, నీ వేలికే తెలుస్తుంది’ అంది. వేలు నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని ఈ రోజు కూడా తు.చ. తప్పకుండా చేసింది.

కాకపోతే ఆ వేలు పడిన చోట ఎర్ర బటన్ లేదు.

అది ఆమె కళ్ళారా చూసింది. ఫోనుకు సొంతంగా కింద మూడు గుర్తులు ఉంటాయి కదా, వెనక్కి పోవడానికి ఒకటి, ఉన్న యాప్ వదిలి బయటికి రావడానికి ఇంకొకటి, అట్లా. ఓబులేసు వేలు వాటిలో నడిమిదాని మీద పడింది. అందుకే తెర పోయింది. మోటారుకు ఏ కబురూ వెళ్ళలేదు.

“ఒకసారి ఇటు ఇయ్యి మామా,” అని ఫోను తీసుకుంది. మళ్ళీ తెరిచి చూసింది. పచ్చ బటన్ ఉన్నచోటే ఉంది. ఎర్ర బటన్ మాత్రం కిందికి జారి, ఆ మూడు గుర్తుల కిందకు దూరిపోయింది. పైన గోటి మందాన ఎర్ర అంచు ఒకటే కనపడుతోంది.

“ఏంది పాపా, ఏమన్నా కనపడిందా?” గురుస్వామి అడిగాడు.

“ఐదు నిమిషాలు,” అని పాలకేంద్రం వెనక్కి నడిచింది.

* * *

అక్కడ ఒక గేదె, రెండు గడ్డివాములు తప్ప ఎవరూ లేరు. తన ఫోను తీసి యాప్ తెరిచింది. తన ఫోనులో ఎర్ర బటన్ నిక్షేపంలా ఉంది. ఎందుకుండదు? ఆమెది ఖరీదైన ఫోను. దానికి ఆ మూడు గుర్తులు లేవు, వేలితో పైకి తోస్తే చాలు. కిందటి నెల కొత్త వెర్షన్ పంపేముందు ఆమె పరీక్షించింది ఆ ఒక్క ఫోను మీదే. పల్లెల్లోని చవక ఫోన్లకు అది నిదానంగా, ఈ మధ్యే చేరింది.

ఏం జరిగిందో ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మనకూ అర్థం కావాలి కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. యాప్ చేసేవాళ్ళు బటన్లనూ అక్షరాలనూ ఎవరికి వారు చెక్కుకోరు. ఇల్లు కట్టేవాడు తలుపులూ కిటికీలూ దుకాణంలో తయారుగా ఉన్నవి తెచ్చుకున్నట్టు, ఒక ఫ్రేమ్‌వర్క్ నుంచి తెచ్చుకుంటారు. ఆ ఫ్రేమ్‌వర్క్ చేసేవాళ్ళు ఎక్కడో ఉంటారు. ఏడాదికి నాలుగైదు సార్లు దాన్ని మారుస్తారు. కొన్ని మార్పులు ఎట్లాంటివంటే, నిన్నటిదాకా నిలబడిన గోడ ఇవాళ దానంతటది కూలుతుంది. ఇదిగో ఫలానా ఫలానా కూలుతాయి, చూసుకోండి అని ముందే రాసి పెడతారు. రాసి పెట్టాం కదా అని చేతులు దులుపుకుంటారు. కొత్తదానికి మారకపోతే యాప్‌ను స్టోరులోంచి తీసేస్తామని ఇంకొకరు గడువు పెడతారు. వాళ్ళెవరికీ పార పట్టుకున్న మనిషి బొటనవేలు తెలియదు.

గాయత్రికి తెలుసు. తెలిసి కూడా గడువు మీద పడుతోందని రెండు రాత్రుల్లో మార్చేసింది. ఆ మార్పుల్లో ఒక మాట ఉంది. ఇక నుంచి తెర ఫోను అట్టడుగు అంచు దాకా పరుచుకుంటుంది, కింద ఉన్న బటన్లకు చోటు మీరే చూసుకోవాలి అని. ఆ మాట ఆమె చదివింది. చదివి, తన ఫోనులో చూసుకుని, ‘అబ్బ, ఇదే అందంగా ఉందే’ అనుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే.

గడ్డివాముకు చేయి ఆనించి కాసేపు అట్లాగే నిలబడింది. మహేష్ ముఖం గుర్తొచ్చింది. యాప్ మొదటిసారి పెట్టించుకున్నప్పుడు ‘అక్కా, ఇది మా చిన్నాయనకు నేర్పితే నీకు దండం’ అని నవ్విన ముఖం.

తర్వాత ఆమె చేసిన మొదటి పని మంచిదే. ఈ కథలో ఆమెను చాలాసార్లు తిట్టుకున్నాం కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఏడవకుండా, ఎవర్నీ అడక్కుండా, యాప్ వాడే రైతులందరి వాట్సాప్ గ్రూపులోకి గొంతు రికార్డు చేసి పంపింది. “నేను గాయత్రిని మాట్లాడుతుండా. యాప్‌లో తప్పుంది. తెర పోయినా మోటారు ఆగినట్టు కాదు. మెయిన్ తియ్యకుండా ఎవరూ డబ్బా ముట్టుకోవద్దు. పక్క పొలం వాళ్ళకు కూడా చెప్పండి.”

ఫోను జేబులో పెట్టేలోపే మోగింది. తండ్రి.

“ఏంది గాయత్రీ ఆ మెసేజి?” శేషాద్రి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. దుకాణంలో గిరాకీ ఉన్నట్టుంది. “దోర్నాల నుంచి యాప్ పెట్టించుకున్న అంకన్న అప్పుడే ఫోను చేసినాడు. ఏమైంది?”

చెప్పింది.

“ఎవురికి చెప్పినావు?”

“ఇంకా ఎవరికీ చెప్పలా నాయనా. ఇప్పుడు పోయి చెప్పాల.”

“ఎందుకు చెప్పాల?” అన్నాడు శేషాద్రి. “అందరికీ హెచ్చరిక పంపినావు, మంచిది. రేపటికి సరిచేస్తావు, అదీ మంచిదే. పల్లెలో మాత్రం నోరెత్తొద్దు. యాప్ తప్పంటే రేపు స్టార్టరే తప్పంటారు. మా తాత నాటి నుంచి ఈ దుకాణం మీద ఒక్కడు వేలెత్తి చూపింది లేదు.”

“ఓబులేసు మామ మీద కేసు పెడతామంటాండారు నాయనా. హత్యాయత్నం అంట.”

“పెట్టనీ. కోర్టులో తేలుతాది. నిజం నిలకడ మీద తెలుస్తాదిలే, నువ్వే తొందరపడి చెప్పాల్నా?” అని, కాస్త ఆగి, మెత్తగా అన్నాడు. “అమ్మాయ్, ఆ వెంకటేష్ మంచోడు కాదంట. నువ్వు ఒంటరిగా ఉండావక్కడ. ఆటో ఎక్కి వచ్చెయ్. నా మాట విను.”

ఆయన్ని తిట్టుకోకండి. తండ్రి అన్నవాడు ఆ చోట అంతకంటే వేరే మాట అంటాడా? గాయత్రికి కూడా ఆటో ఎక్కాలనే ఉంది. కాళ్ళు అటే లాగాయి. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, ఎవరికీ తెలియదు. ఓబులేసుకు కూడా తెలియదు, తాను నొక్కిందేమిటో. చచ్చేదాకా ‘నేను నొక్కినా’ అంటూనే ఉంటాడు, చచ్చేదాకా ఎవరూ నమ్మరు.

“నాయనా, ఆయన అబద్ధమాడినాడని సాక్ష్యం చెప్పింది నేనే,” అంది. “నేనే పోయి మార్చాల.”

ఫోను పెట్టేసింది.

* * *

తిరిగి వచ్చేసరికి వెంకటేష్ చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు. గాయత్రి నేరుగా వెళ్ళి గురుస్వామి ముందు నిలబడింది.

“పెద్దాయనా, ఓబులేసు మామ నొక్కినాడు,” అంది. “నేను పెట్టిన చోటనే నొక్కినాడు. బటను అక్కడ లేదు. నేను కిందటి నెలలో మార్చినా. మార్చినప్పుడు అది కిందికి జారి ఫోను బటన్ల కిందకు పోయింది. నేను చూసుకోలా. తెర పోయింది ఫోను వల్ల, మోటారు ఆగి కాదు. మోటారుకు ఆ మాటే పోలా.”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమె ఓబులేసు ఫోను పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగింది. వేలితో ఆ ఎర్ర అంచు చూపించింది. వెనకనున్నవాళ్ళు తమ ఫోన్లు తీసి చూసుకున్నారు. “మాదీ ఇట్లనే ఉందే,” అన్నాడు ఒకడు. “నిన్న నేను కూడా తెర పోయిందని లోపలికి పోయినా. మోటారు రాత్రంతా తిరిగినట్టుంది,” అన్నాడు ఇంకొకడు. ఆ మాటతో అరుగు మీద గోల లేచింది.

వెంకటేష్ ఆమె మీదికి వచ్చాడు. “అంటే నువ్వు చేసినావా? మా బావ చెయ్యి తీసింది నువ్వా?”

“అవును,” అంది గాయత్రి.

ఆ ‘అవును’కు అతను సిద్ధంగా లేడు. కాదు కూడదు అంటే అరవడానికి నోరు తెరుచుకుని ఉన్నాడు. “అవునంటావేంది? సిగ్గులేదా? మా అక్క అక్కడ అన్నం నీళ్ళు మానేసి కూచోనుంది. రెండేండ్ల పిల్ల నాయన ఏడని అడుగుతాంది. ఏం చెప్పాల దానికి? ఎక్కడో ఎవుడో ఏదో మార్చినాడు, అందుకని మీ నాయన చెయ్యి పోయిందని చెప్పాల్నా?”

“ఎవరో మార్చినారు. నేను చూసుకోలా,” అంది. ఇక ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. “కేసు నా మీద పెట్టండి అన్నా. స్టేషనుకు నేనూ వస్తా. ఇప్పుడు చెప్పిందే అక్కడ కూడా చెప్తా.”

“పెడతా! పెట్టకుండా ఎట్ల ఉంటా?” అన్నాడు కానీ, ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు. చెప్పులు విడిచి మళ్ళీ అరుగు మీద కూలబడ్డాడు. పగ పట్టడానికి ముసలాయన దొరికినంత సులువుగా ఏడుస్తూ నిలబడ్డ ఈ పిల్ల దొరకలేదు అతనికి.

గురుస్వామి కుర్చీలోంచి లేచాడు. “అందరూ వినండి. ఓబులేసు నొక్కినాడు. ఆగిందనుకొని కేక వేసినాడు. నీళ్ళ కాడ మాట తప్పినోడు కాదు. ఈ ఊళ్ళో ఎవురైనా ఆయన్ని ఇంకో మాటంటే నా దగ్గర సమాధానం చెప్పాల.”

రత్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. “చెప్పినా గదా, చెప్పినా గదా,” అని అదే మాట. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆమెను పట్టుకున్నారు. పాలకేంద్రం కుర్రాడెవరో ఓబులేసుకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఓబులేసు గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

అప్పుడు యల్లమ్మ లేచింది.

అరుగు ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా నడిచి వచ్చింది. జనం జరిగి దారి ఇచ్చారు. ఓబులేసు ముందు చతికిలబడి, అతని చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఓబులేసూ,” అంది. “నీ ఇంటి ముందుకొచ్చి దుమ్మెత్తి పోసినా. నీ వంశం ఇంతటితో ఆగిపోవాలని తిట్టినా. కడుపుకోతలో అన్నా నాయనా, మనసులో పెట్టుకోవద్దు. వాళ్ళ నాయన పోయిన రోజు నుంచి పిల్లోన్ని బడికి ఎత్తుకపోయినోడివి నువ్వు. సేద్యం నేర్పినోడివి నువ్వు. నువ్వు వానికి కీడు చేస్తావా? ఎట్ల అనుకున్నానో ఏందో, నా నోరు పడిపోను.”

అరుగు మీద చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. గాయత్రి కూడా తుడుచుకుంది. పోనీ, తన వల్ల పోయినవాటిలో ఇదొక్కటైనా తిరిగి వచ్చిందని అనుకుంది. కొద్దిసేపు ఆమెకు ఊపిరాడింది.

ఓబులేసు ముఖంలో మాత్రం తేలిక కనపడలేదు. అతను వదినె వంక చూడటం లేదు. పట్టుకున్న ఆమె చేతులను చూస్తున్నాడు.

“వదులు వదినా,” అన్నాడు.

“వదల్ను. రేపు నువ్వూ రా ఒంగోలుకు. పిల్లోడు నిన్నే అడుగుతాండాడు. చిన్నాయన రాలేదా, చిన్నాయన రాలేదా అని.”

“వదలమంటినే!” చెయ్యి లాక్కున్నాడు. ఆ విసురుకు యల్లమ్మ వెనక్కి పడబోయి నేలకు చెయ్యి ఆనించింది. రత్నమ్మ ఏడుపు ఆపి మొగుడి వంక చూసింది.

“ఏందయ్యా?” అంది.

“ఆ పాప చెప్పిందంతా నిజమే,” అన్నాడు ఓబులేసు. మెల్లగానే మాట్లాడాడు, కానీ అరుగు మీద ఎవరూ కదలకపోవడంతో అందరికీ వినపడింది. “నొక్కినా. తెర పోయింది. ఆపినా అని కేక వేసినా. అబద్ధం కేక కాదు వదినా, నాకు తెలిసి ఆపే వేసినా. వేసి, పార తీసుకుందామని ఇటు తిరిగినా.”

“అయిపోయిందిలే ఓబులేసూ,” అన్నాడు గురుస్వామి. “ఇంక ఆ మాటలెందుకు?”

“కాలవలో నీళ్ళు దూకుతాండాయి మామా. కారేది కాదు. పైపు నిండా, మోటారు నడిచినట్టే దూకుతాండాయి. నలభై ఏండ్ల సేద్యగాన్ని, నాకు తెలీదా తేడా? ఆగలేదని తెలిసింది. మళ్ళీ కేక వెయ్యాలని నోరు తెరిచినా.”

యల్లమ్మ నేల మీద అట్లాగే ఉండిపోయింది.

“అంతలో వాడు పలికినాడు. విన్నా చిన్నాయనా అని. ఆ చిన్నాయనా అనే మాట వినంగానే టీ బంకు కాడ అన్న మాట గుర్తొచ్చింది వదినా. అప్పటికింకా వాడు డబ్బా మూత తియ్యలా. నాకు కనపడతానే ఉండాడు. నిదానంగా మూత తిప్పుతాండాడు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. నోరు తెరుచుకొని చూస్తా నిలబడినా. కేక వెయ్యలా.”